కార్బన్ ఫ్రేమ్: “తేడా స్టిక్కర్ ఒక్కటే” నిజమేనా?

సైకిల్ తొక్కేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. కొత్తగా ఎవరైనా “కార్బన్ సైకిల్ కొందామనుకుంటున్నా” అనడం ఆలస్యం, ఎవరో ఒకరు దాన్ని ఫార్వర్డ్ చేసేస్తారు. కార్బన్ సైకిల్ అంటే ఫ్రేమ్‌ని, అంటే సైకిల్ అస్థిపంజరాన్ని, లోహంతో కాకుండా కార్బన్ పోగులతో చేసినది. మెసేజ్ సారాంశం ఇది: “పెద్ద బ్రాండు ఫ్రేమ్‌కి లక్షలు ఎందుకు తగలేస్తారు? అన్నీ తయారయ్యేది చైనాలోనే, ఒకే ఫ్యాక్టరీలో, ఒకే అచ్చులో. పేరు లేని ఫ్రేమ్ నలభై వేలకే వస్తుంది. టోరే టీ1000 కార్బన్. యూసీఐ ఆమోదం ఉంది, ఐఎస్ఓ టెస్టు పాసైంది, రెండేళ్ల వారంటీ ఉంది. వేలమంది తొక్కుతున్నారు, ఎవరిదీ విరగలేదు. తేడా స్టిక్కర్ ఒక్కటే.”

(యూసీఐ అంటే సైకిల్ రేసుల అంతర్జాతీయ సంఘం, ఐఎస్ఓ అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ, టోరే సంగతి కింద చెబుతాను.) ఆ మెసేజ్‌లో ప్రతి వాక్యంలోనూ ఎంతో కొంత నిజం ఉంది. అందుకే ఇన్నాళ్లుగా చావకుండా తిరుగుతోంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎవరు చేశారో తెలియని ఫ్రేమ్ కొనకండి. అది తప్పకుండా విరిగిపోతుందని కాదు. బాగా చేశారో లేదో చూసుకునే పని మొత్తం మీ నెత్తిన పడుతుంది, ఆ పని ఇంట్లో కూర్చుని చేయడం కుదరదు. ఇక ఒక్కో మాటా చూద్దాం.

“ఒకే ఫ్యాక్టరీ, ఒకే అచ్చు”

ప్రపంచంలో అమ్ముడయ్యే కార్బన్ ఫ్రేముల్లో ఎక్కువ భాగం తైవాన్, చైనాల్లోనే తయారవుతాయన్నది నిజం. తైవాన్‌లో తైచుంగ్ చుట్టుపక్కల, చైనాలో షియామెన్, షెన్‌జెన్ వైపు ఈ పరిశ్రమ పాతుకుపోయింది. 1972లో మొదలైన తైవాన్ కంపెనీ జెయింట్ తన పేరుతో అమ్ముకుంటూనే ఎన్నో విదేశీ కంపెనీలకు సైకిళ్లు చేసిపెట్టింది. తైవాన్‌కే చెందిన మెరిడాకి 2001 నుంచి అమెరికా సైకిల్ కంపెనీ స్పెషలైజ్డ్‌లో వాటా ఉంది. ఇటలీ పేరు చూసి మనం మురిసిపోయే ఫ్రేముల్లో చాలావాటి పుట్టిల్లు కూడా ఆసియానే. కాబట్టి “చైనా సరుకు కదా, నాసిరకమే” అనేవాళ్ల మాటా నేను ఒప్పుకోను. 2025 నుంచి అస్తానా అనే ప్రొఫెషనల్ జట్టు టూర్ డి ఫ్రాన్స్‌లో తొక్కుతున్నవి చైనా కంపెనీ ఎక్స్‌డీఎస్ తయారుచేసిన ఎక్స్-ల్యాబ్ సైకిళ్లే.

అయితే “చైనాలో చేశారు” అన్న మాట నుంచి “అదే అచ్చులో చేశారు” అన్న మాటకు ఒక్క గెంతులో వెళ్లలేం. పెద్ద బ్రాండ్ల అచ్చులు ఆ బ్రాండ్లు సొంత డబ్బు పెట్టి చేయించుకున్నవి. ఫ్రేమ్ సైజు మారితే అచ్చు కూడా మారాలి, కాబట్టి అది చిన్న ఖర్చు కాదు. ఆ అచ్చుల్లో ఇంకొకరికి ఫ్రేములు చేసి ఇచ్చిన ఫ్యాక్టరీకి ఆ కాంట్రాక్టు మళ్లీ దక్కదు. బయట దొరికే పేరు లేని ఫ్రేములు ఎక్కువగా “ఓపెన్ మోల్డ్” రకం. అంటే ఫ్యాక్టరీయే ఒక డిజైన్ చేసి పెట్టుకుని, ఎవరడిగితే వాళ్లకు అమ్ముతుంది. యూరప్‌లో కొన్ని చిన్న కంపెనీలు వీటినే తెప్పించుకుని తమ పేరు వేసుకుంటాయి. “అదే ఫ్రేమ్, వేరే స్టిక్కర్” అన్న మాట పుట్టింది అక్కడ, వాటి విషయంలో అది నిజమే. పెద్ద బ్రాండు ఫ్రేమ్‌ని అచ్చు గుద్దినట్టు ఉందంటే మాత్రం దాన్ని చూసి చేశారని అర్థం.

సరే, అచ్చు ఒకటే అనుకుందాం. ఇడ్లీ రేకు ఒకటే అయినంత మాత్రాన ఇడ్లీ ఒకేలా రాదు కదా. అచ్చు ఇచ్చేది పై రూపం ఒక్కటే. కార్బన్ ఫ్రేమ్ అసలు సంగతంతా ఆ రూపం లోపల ఉంటుంది.

రెజిన్ (గట్టిపడే జిగురు) పట్టించిన కార్బన్ షీటును వందల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక వరుసలో, ఒక కోణంలో మనుషులు చేత్తో అతికిస్తారు. కార్బన్ పోగుల పొడవునా లాగితే ఎంత బలమో, వాటికి అడ్డంగా లాగితే అంత బలహీనం. అడ్డంగా పట్టి ఉంచేది రెజినే కాబట్టి అటువైపు ఇరవయ్యో వంతు బలం కూడా ఉండదు. అందుకే కొన్ని పొరలు గొట్టం పొడవునా, కొన్ని 45 డిగ్రీల ఏటవాలుగా, కొన్ని అడ్డంగా వేస్తారు. ఆ తర్వాత లోపల బ్లాడర్ (గాలి నింపే సంచి) పెట్టి, అచ్చు మూసి, గాలి ఒత్తిడితో పొరలను గోడకు అదిమి, వేడి చేస్తారు. ఒత్తిడి అందని చోట పొరల మధ్య గాలి బుడగలు మిగిలిపోతాయి. పొర జరిగిన చోట ముడత పడుతుంది. ఇవి ఎక్కువగా వచ్చేది గొట్టాలు కలిసే మూలల్లో, అంటే హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ దగ్గర, పెడళ్ల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ దగ్గర. మన బరువూ, గుంతల దెబ్బా, పెడల్ మీద తొక్కుడూ వచ్చి పడేవి కూడా సరిగ్గా అక్కడే.

ఒక మిత్రుడు తెప్పించిన పేరు లేని ఫ్రేమ్‌లోకి ఓసారి ఫోనుకు తగిలించే ఎండోస్కోప్ కెమెరా దించి చూశాం. బయట పెయింట్ అద్దంలా ఉంది. లోపల డౌన్ ట్యూబ్ (ఏటవాలుగా కిందికి దిగే గొట్టం) వచ్చి బాటమ్ బ్రాకెట్‌లో కలిసేచోట చిటికెన వేలి మందాన ఒక ముడత, దాని పక్కనే చిరిగిన బ్లాడర్ ప్లాస్టిక్ ముక్క వేలాడుతోంది. ప్లాస్టిక్ ముక్కతో ప్రమాదం లేదు, ఖరీదైన ఫ్రేముల్లోనూ అది కనిపిస్తుంది. ముడత సంగతి వేరు. అక్కడ కార్బన్ పోగు వంకర తిరిగింది, వంకర తిరిగిన పోగు బరువు మోయదు. ఆ ఫ్రేమ్ ఇప్పటివరకూ విరగలేదు. ఆయన మాత్రం దిగుడు వస్తే బ్రేకు మీద నుంచి వేళ్లు తీయడు.

ఇంకో మాట కూడా వింటుంటాం: “రాత్రి షిఫ్టులో ఎక్కువ చేసి వెనక గుమ్మం నుంచి అమ్మేస్తారు, అవే ఇవి.” అదే నిజమైతే మరీ టెన్షన్ పడాల్సిన విషయం. తనిఖీలో పాసైన ఫ్రేమ్ ముందు గుమ్మం నుంచే పోతుంది, దానికి డబ్బు కట్టిన యజమాని ఉన్నాడు. వెనక గుమ్మం పట్టేవాటిలో తనిఖీలో తిప్పికొట్టినవి ఎన్నో కొనేవాడికి చెప్పేదెవరు?

ఇక పెద్ద బ్రాండు లోగో వేసి అమ్మే నకిలీ పినరెల్లోలు, నకిలీ స్పెషలైజ్డ్‌ల గురించి వాదనే అనవసరం. పేరు దొంగిలించినవాడు లోపలి పొరలు మాత్రం నిజాయితీగా వేశాడని నమ్మేవాళ్లకు నేను చెప్పగలిగిందేమీ లేదు.

“టోరే టీ1000 కార్బన్, అందుకే గట్టిది”

టోరే జపాన్ కంపెనీ, కార్బన్ పోగుల తయారీలో పేరున్నది. టీ700, టీ800, టీ1000 అనేవి దాని గ్రేడ్లు. అంకె పెరిగే కొద్దీ తెగేముందు పోగు తట్టుకునే లాగుడు పెరుగుతుంది: టీ700ది సుమారు 4,900 మెగాపాస్కల్స్, టీ1000ది 6,370. కానీ మన గ్రూపుల్లో “టీ1000 అయితే స్టిఫ్‌గా ఉంటుంది, స్ప్రింట్‌లో వంగదు” అంటారు చూశారా, అది ఈ అంకె చెప్పే సంగతి కాదు. వంగకుండా ఉండే గుణాన్ని చూపేది మాడ్యులస్. టీ800కీ టీ1000కీ మాడ్యులస్ ఒకటే, 294 గిగాపాస్కల్స్. ఫ్రేమ్ ఎంత స్టిఫ్‌గా ఉంటుందో తేల్చేది గొట్టం లావు, గోడ మందం, పొరల కోణాలు.

ఫ్రేమ్ మొత్తం ఒకే గ్రేడుతో చేయడంలో పెద్ద ఘనత కూడా లేదు. తెలిసినవాళ్లు ఒక్కో చోట ఒక్కో రకం వాడతారు. పైగా ఫ్రేమ్ మీద “టీ1000” అని రాసి ఉంటే, అది నిజమో కాదో కంటితో చూసి చెప్పగలిగేవాడు లేడు. పైకి కనిపించే గళ్ల నేతను చూసి “ఒరిజినల్ కార్బన్” అని మురిసిపోతుంటారు. 3కే అనే ఆ నేత చాలావరకు అందం కోసం వేసే పై పొర. 3కే అంటే ఒక్కో పోగుకట్టలో 3,000 సన్నని తంతువులు ఉన్నాయని, అంతే. బరువు మోసేవి దాని కింద దాగున్న, నేత లేని పొరలు.

“యూసీఐ ఆమోదం ఉంది, ఐఎస్ఓ పాసైంది”

ఈ రెండూ ఒక గాటన కట్టేవి కావు.

యూసీఐ ఆమోదపు ముద్ర 2011లో మొదలైంది. రేసుల్లో వాడే ఫ్రేమ్ ఆకారం, కొలతలు నిబంధనల ప్రకారం ఉన్నాయా అని మాత్రమే అది చూస్తుంది. గొట్టం ఎంత వెడల్పు ఉండొచ్చు, ఏ గీతల మధ్య ఇమడాలి, ఇలాంటివి. గట్టిదా, సురక్షితమా అన్న ప్రశ్న ఆ ముద్ర పరిధిలోది కాదు. ఆమోదం పొందిన మోడళ్ల జాబితాను యూసీఐ అందరికీ అందుబాటులో ఉంచుతుంది, మీకు చెప్పిన మోడల్ అందులో ఉందో లేదో చూసుకోవచ్చు. ఉన్నా, అది రేసుకి పనికొస్తుందని మాత్రమే అర్థం.

ఐఎస్ఓ 4210 మాత్రం అసలైన భద్రతా ప్రమాణం. పెడల్ మీద పడే ఒత్తిడిలాంటి బరువును ఫ్రేమ్ మీద లక్ష సార్లు వేస్తారు. ఫ్రేమ్‌ని నిలువుగా పట్టి ఉంచి, ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ కొన మీద 22.5 కిలోల బరువు పైనుంచి వదులుతారు. ఇవి తట్టుకున్న ఫ్రేమ్‌ని గౌరవించాల్సిందే. కానీ తట్టుకున్నది ఏ ఫ్రేమ్? టెస్టుకు పంపిన ఒక్కటి. ఆ రిపోర్టు మీకు వచ్చే ఫ్రేమ్‌కి వర్తించాలంటే అవే పొరలు, అదే రెజిన్, అదే పనితనం ఉండాలి. అమ్మేవాడిని అడగండి: రిపోర్టులో ఏ ల్యాబ్ పేరుంది, ఏ తేదీ వేశారు, ఏ సైజు, ఏ ఫోర్క్‌తో కలిపి పరీక్షించారు, నాకు పంపే మోడల్ నంబరు అందులో ఉందా? పూర్తి రిపోర్టు పంపేవాళ్లు కొందరు ఉన్నారు, వాళ్లతో మాట్లాడొచ్చు. మొదటి పేజీ ఫొటో ఒక్కటే పంపి, మిగతాది “కంపెనీ రహస్యం” అన్నవాడిని అక్కడితో వదిలేయండి.

“రెండేళ్ల వారంటీ ఉంది కదా”

విదేశీ వీడియోలు చూసి మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఆ వీడియోల్లో చెప్పేవాడు “సమస్య వస్తే అలీఎక్స్‌ప్రెస్‌లో డిస్ప్యూట్ వేయండి, డబ్బు వెనక్కి వస్తుంది” అంటాడు. ఆ చైనా ఆన్‌లైన్ షాపింగ్ సైటును మన దేశంలో 2020 నవంబర్‌లోనే నిషేధించారు. అందుకని ఇక్కడివాళ్లు నేరుగా అమ్మకందారుతో చాట్‌లో బేరమాడి డబ్బు పంపుతున్నారు, లేదా ఇన్‌స్టాగ్రామ్‌లో దొరికిన మధ్యవర్తిని పట్టుకుంటున్నారు, అదీ కాకపోతే అమెరికా నుంచి వచ్చే బావగారి లగేజీలో తెప్పించుకుంటున్నారు. ఈ మూడు దారుల్లోనూ మధ్యలో నిలబడి డబ్బు ఆపేవాడు లేడు.

ఫ్రేమ్ పగిలిందనుకుందాం. ఫొటోలు పంపాలి. వాళ్లు “యాక్సిడెంట్ లాగుంది” అంటారు. కాదని ఒప్పించగలిగితే “కొత్తది పంపుతాం, రవాణా ఖర్చు మీది” అంటారు. అది వచ్చినప్పుడు కస్టమ్స్ మళ్లీ సుంకం అడుగుతుంది. వారంటీలో వచ్చిన ఫ్రేమ్ అని మీరు నిరూపించుకోవాలి, దానికి తగ్గ కాగితం ఆ అమ్మకందారు ఇవ్వాలి.

మరోపక్క చూడండి. ట్రెక్, స్పెషలైజ్డ్, జెయింట్ మొదటి ఓనరుకు ఫ్రేమ్ మీద జీవితకాల వారంటీ ఇస్తాయి. దానికీ షరతులున్నాయి, బిల్లు పోగొట్టుకుంటే తిప్పలే. అయినా ఊళ్లో ఒక షాపు, ఒక జీఎస్టీ బిల్లు ఉంటాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, షాపు ఎక్కడున్నా సరే. షియామెన్‌లో ఏ అంతస్తులో ఉంటాడో తెలియని మనిషి మీద నల్గొండలో కేసు గెలిచినా, ఆ తీర్పు అమలయ్యేదెలా?

“వేలమంది తొక్కుతున్నారు, ఎవరిదీ విరగలేదు”

విరగలేదని రాసేవాళ్లు కనిపిస్తారు, ఫ్రేమ్ విరిగినవాళ్లు గ్రూపులో ఉండరు. పైగా 60 కిలోల మనిషి ఆదివారం పొద్దున నానక్‌రామ్‌గూడ వైపు సోలార్ కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కడం, 90 కిలోల మనిషి రాత్రిపూట హైవే పక్కన రంబుల్ స్ట్రిప్పులూ చెప్పాపెట్టకుండా వచ్చే స్పీడ్ బ్రేకర్లూ దాటుకుంటూ 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తిచేసే దూరపు రైడ్) చేయడం ఫ్రేమ్‌కి ఒకటి కాదు. మొదటాయన అనుభవం రెండో ఆయనకు పూచీ కాదు.

“మరి బ్రాండువి విరగవా?” అనేది మంచి ప్రశ్న. విరుగుతాయి. ఆస్ట్రేలియాలో రౌల్ లూషర్ అనే కార్బన్ ఇంజనీరు ఫ్రేములను అల్ట్రాసౌండ్‌తో స్కాన్ చేసి, అడ్డంగా కోసి చూపిస్తుంటాడు. ఆయన బల్ల మీద పెద్ద పెద్ద పేర్ల లోపాలు కూడా బయటపడ్డాయి. 2021లో స్పెషలైజ్డ్ తన టార్మాక్ ఎస్ఎల్7 మోడల్‌కి స్టీరర్ (ఫోర్క్ పైభాగంలో హ్యాండిల్‌కి కలిసే గొట్టం) పగిలే ప్రమాదం ఉందని రీకాల్ ప్రకటించింది. 2023 సెప్టెంబర్‌లో విడిభాగాల కంపెనీ షిమానో, అతుకు విడిపోయే హాలోటెక్ క్రాంకులను (పెడళ్లు బిగించే కడ్డీలను) ఒక్క ఉత్తర అమెరికాలోనే 7,60,000 దాకా తనిఖీకి పిలిచింది. ఖరీదు పెట్టినంత మాత్రాన నిశ్చింతగా ఉండొచ్చని నేను అనడం లేదు.

కానీ ఈ రెండు సంగతులూ మనకు ఎలా తెలిశాయి? పగిలిన ముక్కలు వెనక్కి వెళ్లాయి, ఎవరో లెక్క రాశారు, ఏ కోడ్ ఉన్న క్రాంకులు ఏ ఏడాది చేసినవో రికార్డు ఉంది, అమ్మిన షాపులకు కబురు వెళ్లింది. పేరు లేని ఫ్రేముల్లో ఒకే రోజు, ఒకే మనిషి చేతి కింద తయారైన యాభై ఎవరి దగ్గరున్నాయో చెప్పగలిగేవాళ్లు లేరు. ఒకటి పగిలితే మిగతా నలభై తొమ్మిది మందికి తెలిసే దారి లేదు. నేను డబ్బు కట్టేది ప్రధానంగా ఆ కబురు కోసమే.

“బ్రాండు ధరంతా ప్రకటనలకీ, రేసు జట్లకీ”

చాలావరకు నిజమే. లక్షలు పోసి పై మోడల్ కొనమని నేనూ చెప్పను. అయితే నలభై వేలు అనేది కూడా అసలు ధర కాదు. రవాణా, సుంకం, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు), బాటమ్ బ్రాకెట్, సీట్ క్లాంప్, బిగించినందుకు మెకానిక్ కూలీ, అన్నీ కలిపి రాసుకుని చూడండి. బాటమ్ బ్రాకెట్ నొక్కి బిగించే రకమైతే ఆ రంధ్రం కచ్చితంగా గుండ్రంగా ఉండాలి. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా పెడల్ తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. మెకానిక్ నాలుగుసార్లు విప్పి బిగించినా పోదు. ఈ జబ్బు బ్రాండ్లకూ ఉంది. తేడా ఏమిటంటే అక్కడ ఫ్రేమ్ మార్చమని అడగడానికి ఒక మనిషి ఉంటాడు. పేరు లేనిదే కొనాలనుకుంటే మరలున్న బాటమ్ బ్రాకెట్ తీసుకోండి.

అయితే ఏం కొనాలి?

బడ్జెట్ తక్కువైతే మంచి అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్ ఉన్న బ్రాండు సైకిల్ కొనండి. పేరున్న కంపెనీల మంచి అల్యూమినియం ఫ్రేములు 1.1 నుంచి 1.4 కిలోల మధ్య ఉంటాయి. చవక కార్బన్ ఫ్రేమ్ కిలో దరిదాపుల్లో ఉంటుంది. అర లీటరు నీళ్ల బాటిల్ బరువు కూడా లేని తేడా కోసం ఇంత తలనొప్పి అవసరమా? కార్బనే కావాలంటే, ఓపెన్ మోల్డే అయినా సొంత పేరుతో అమ్మి, పూర్తి టెస్టు రిపోర్టు ఇచ్చి, కొన్నేళ్లుగా అదే పేరుతో నిలబడ్డ కంపెనీల వైపు చూడొచ్చు. విన్‌స్పేస్, యోలియో లాంటివి ఈ దారిలో పేరు తెచ్చుకున్నవే. అలాంటివి నేను పేరు లేనివాటి లెక్కలో వేయను.

ఇప్పటికే కొనేసి ఉంటే కంగారు పడి పారేయనక్కర్లేదు, స్టీరర్‌తో మొదలుపెట్టండి. ఫ్రేమ్‌లో ఎక్కడ చీలిక వచ్చినా చాలాసార్లు ముందు చప్పుడో ఊగులాటో తెలుస్తుంది, ఆగే వ్యవధి ఉంటుంది. స్టీరర్ తెగితే హ్యాండిల్ చేతిలోకి వస్తుంది. 2006 పారిస్-రూబే రేసులో అమెరికా రైడర్ జార్జ్ హింకపీకి జరిగింది అదే, అదీ అల్యూమినియం స్టీరర్‌తో. హ్యాండిల్ ఊడి కిందపడి భుజానికి దెబ్బ తగిలించుకున్నాడు. కార్బన్ స్టీరర్‌లో మామూలు స్టార్ నట్ (గోడను కొరికి పట్టే ముక్క) దిగ్గొట్టకూడదు, ఎక్స్‌పాండర్ ప్లగ్ (లోపల విప్పారి పట్టే ముక్క) వాడాలి. స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి పట్టే ముక్క) బోల్టులు, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో, స్టెమ్ మీద రాసినంతే బిగించాలి. బ్రేకు గొట్టాలు హెడ్‌సెట్ లోంచి వెళ్లే కొత్త డిజైన్లలో స్టీరర్ బయటకు తీయడం పెద్ద పని, అందుకే ఎవరూ తీసి చూడరు. ఏడాదికోసారి బేరింగులు మార్చేటప్పుడైనా ఫోర్క్ పూర్తిగా దించి, స్టెమ్ పట్టిన చోటా, కింది బేరింగ్ కూర్చునే చోటా గుడ్డతో తుడిచి, టార్చ్ వేసి, గోరుతో తడిమి చూడండి. సన్నని గీత గోరుకి తగిలినా ఆ ఫోర్క్ మళ్లీ ఎక్కించొద్దు. కొత్తది పేరున్న కంపెనీదే వేయండి.

అలాగే వెనక డీరెయిలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డీరెయిలర్‌ని ఫ్రేమ్‌కి పట్టే ముక్క) ఒకటి విడిగా దగ్గర పెట్టుకోండి. సైకిల్ గేర్లున్న పక్కకు పడితే మొదట వంగేది అదే. మీ ఫ్రేమ్‌కి సరిపోయే ముక్క సికింద్రాబాద్‌లో ఏ షాపులోనూ దొరక్కపోవచ్చు.